40 వేల కిలోమీటర్ల సర్వీసు: షోరూములోనా, బయట షెడ్డులోనా? (కడప)

పాలకొండ నీడ
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఉండేది కడపలో. చిన్న పెట్రోలు కారు, కొని రెండేళ్ళ ఏడు నెలలైంది, 39,400 కిలోమీటర్లు తిరిగింది. ఏ కంపెనీదో చెప్పను. మన ఊళ్ళో కంపెనీ పేరు చెబితే షోరూము చిరునామా చెప్పినట్టే.

ఇన్నాళ్ళూ షోరూములోనే సర్వీసు చేయించాను. నిన్న 40 వేల సర్వీసుకు ఎంతవుతుందని అడిగితే 14,800 రూపాయలని అంచనా కాగితం చేతిలో పెట్టారు. ఇంజన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు కలిపి 2,450. ఎయిర్ ఫిల్టరు 420, ఏసీ ఫిల్టరు 480. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ కలిపి 960. బ్రేక్ ఆయిలు 390. కూలెంటు 1,100. కూలీ 2,600. ఇక్కడిదాకా 8,400, సరే అనుకున్నాను. దాని కింద ఇంకో అయిదు వరుసలున్నాయి. ఇంజనుకు గాలి వదిలే థ్రాటిల్ బాడీ శుభ్రం చేయడానికి 1,200, ఇంజన్ లోపలి మసి తీసే డీకార్బనైజింగ్‌కు 1,900, ఏసీలో క్రిములు చంపడానికి 950, కింది భాగానికి తుప్పు పట్టకుండా పూతకు 1,850, పెట్రోల్లో కలిపే మందుకు 500.

మా బావమరిది కాగితం చూసి నవ్వాడు. తన బండికి బయట మూడున్నర వేలల్లో అయిపోతుందట. నాన్నగారేమో "బయటివాడి చేయి పడితే వారంటీ పోతుంది, జాగ్రత్త" అంటున్నారు. వారంటీ మూడేళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు. అంటే ఇంకా అయిదు నెలలుంది. ఎవరి మాట వినాలో తోచడం లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.


వేదిక నిర్వాహకులు
శనివారం, రాత్రి 9:20

షోరూముల పేర్లు, షెడ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ రాయవద్దు. పోయినసారి ఇదే విషయం మీద రెండు షెడ్ల వాళ్ళు ఇక్కడే కొట్టుకున్నారు. అవసరమైతే వ్యక్తిగత సందేశం పంపుకోండి.


గువ్వలచెరువు మలుపు
శనివారం, రాత్రి 9:41

బయటే. ఇందులో ఆలోచించడానికేముంది?

నాది టాక్సీ. కడప, రాయచోటి, బెంగళూరు తిరుగుతుంది. రెండు లక్షల అరవై వేలు దాటింది. వారంటీ అయిపోయిన మర్నాటి నుంచి షోరూము గడప తొక్కలేదు. ఒకే భాయ్ దగ్గర చేయిస్తాను. నా బండి సందు మలుపు తిరుగుతుండగానే "ఎడమ ముందు చక్రం బేరింగ్ పోతోంది అన్నా" అంటాడు. షోరూములో ప్రతిసారీ కొత్త కుర్రవాడు. నా బండి వాడికి ఒక నంబరు, అంతే.


ఏడు రోడ్ల కూడలి
శనివారం, రాత్రి 10:05

అన్నా, మీ అనుభవం మీది. నా వైపు నుంచి కూడా ఒక మాట వినండి. కారు నడిపేది నేనే, సర్వీసుకు తీసుకెళ్ళేదీ నేనే. షెడ్డుకు వెళితే నేను అడిగిన ప్రశ్నకు జవాబు నా పక్కన నిలబడ్డ మా తమ్ముడికి చెబుతారు. వాడికి స్టెప్నీ ఎక్కడుందో కూడా తెలియదు. రెండు గంటలు పడుతుందంటారు, కూర్చోవడానికి పాత టైరు చూపిస్తారు.

షోరూములో ఎక్కువ తీసుకుంటారని నాకూ తెలుసు. ఆ ఎక్కువలో కొంత కుర్చీకి, ఫ్యానుకు, బాత్రూముకు కడుతున్నాననుకుంటాను.


నల్లనూనె
శనివారం, రాత్రి 10:48

షెడ్డు నడిపేవాడిని. 22 ఏళ్ళయింది. అందులో మొదటి ఆరేళ్ళు షోరూములోనే పనిచేశాను. కాబట్టి రెండు వైపులా నూనె మరకలున్నాయి.

ముందు ఆ టైరు సంగతి. నిజమే అమ్మా. మా దగ్గర కుర్చీ ఉంది. ఫ్యాను కూడా పెట్టించాను. టీ ఎదురు కొట్టు నుంచి వస్తుంది. బాత్రూము మాత్రం చెప్పుకోదగ్గది కాదు.

ఇక పాలకొండ గారూ, మీరు 14,800నూ 3,500నూ పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. అవి రెండూ ఒకే పని కాదు. మీ బావమరిదికి మార్చింది ఆయిలు, ఆయిల్ ఫిల్టరు అయి ఉంటాయి. ఎయిర్ ఫిల్టరుకు గాలి కొట్టి మళ్ళీ పెట్టి ఉంటారు. ప్లగ్గులు, బ్రేక్ ఆయిలు ముట్టుకుని ఉండరు. కావాలంటే అడిగి చూడండి.

మీ కాగితంలో చివరి అయిదు వరుసలూ కొట్టేయండి. 39 వేలు తిరిగిన పెట్రోలు ఇంజనుకు, బండి సరిగ్గా లాగుతుంటే, డీకార్బనైజింగ్ దేనికి? థ్రాటిల్ బాడీ అయితే బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను ఊగిసలాడుతుంటే చేయించాలి, లెక్క ప్రకారం కాదు. తుప్పు పూత సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళు ఆలోచించాలి. కడపలో గాలికి తుప్పు పట్టడానికి తేమ ఎక్కడుంది?

కూలెంటు కూడా మీ బండితో వచ్చిన పుస్తకం చూసి నిర్ణయించండి. ఇప్పుడు కొన్ని కంపెనీలు పోసే దీర్ఘకాలపు కూలెంటును మొదటిసారి లక్ష దాటాకగాని మార్చనక్కరలేదు. పుస్తకం అలా చెబితే ఆ 1,100 కూడా తీసేయండి. మిగిలేది 7,300.

అదే పని, అదే రకం ఆయిలు, కంపెనీ పార్టులే వేసి నేను చేస్తే ఆయిలు, ఫిల్టరు 2,200, మిగతా రెండు ఫిల్టర్లు 800, ప్లగ్గులు 900, బ్రేక్ ఆయిలు 300, కూలీ 1,000. మొత్తం 5,200. తేడా 2,100. అయిదు నెలల వారంటీ ఉన్న బండికి ఆ 2,100 కోసం ఇప్పుడు బయటికి రావాలా అన్నది మీరు తేల్చుకోవాలి. వచ్చే ఏడాదైతే నేనే రమ్మంటాను.


పాలకొండ నీడ
శనివారం, రాత్రి 11:02

బావమరిదికి ఫోన్ చేశాను. మీరు చెప్పినట్టే, ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, వాటర్ వాష్. అంతే. ప్లగ్గుల సంగతి అడిగితే "అవి మార్చాలా?" అన్నాడు. వాడి బండి 70 వేలు తిరిగింది.


పాత వకీలు
ఆదివారం, ఉదయం 7:30

మీ నాన్నగారి భయం చాలామందికి ఉంది. అందులో సగమే నిజం.

కార్ల కంపెనీలు విడిభాగాలను, బండి లోపాలు చదివే పరికరాలను బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదన్న ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న పెద్ద ఉత్తర్వు ఇచ్చింది. 14 కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి, ఆ గొడవ వేరు. మనకు కావలసింది ఆ ఉత్తర్వులోనే ఉన్న ఇంకో మాట. బయట సర్వీసు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేస్తామన్న షరతు పెట్టకూడదు. బయటి మెకానిక్కు చేసిన తప్పు పనివల్ల ఏ భాగం చెడిందో, వారంటీ కాదనడం అంతవరకే పరిమితం కావాలి.

ఉదాహరణకు షెడ్డులో ఆయిలు మార్పించారు, నెల తర్వాత పవర్ విండో మోటారు కాలిపోయింది. ఆయిలు సాకు చూపి మోటారు ఇవ్వనంటే కుదరదు. ఇంజనే పట్టేస్తే మాత్రం అడుగుతారు, ఏ ఆయిలు పోశారు, బిల్లు ఎక్కడ అని. అప్పుడు మీ చేతిలో కాగితం ఉండాలి.

అయితే ఒకటి. న్యాయం మీ వైపు ఉండటం వేరు, అది సమయానికి దొరకడం వేరు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. కానీ కేసు తేలేదాకా బండి షోరూము వెనక స్థలంలో ఎండలో నిలబడి ఉంటుంది. నా కక్షిదారుకు అలాగే జరిగింది. గెలిచాం. ఈలోగా బ్యాటరీ చచ్చిపోయింది, టైర్లు పగుళ్ళిచ్చాయి.

అదనంగా డబ్బు కట్టి పొడిగించుకున్న వారంటీ ఉంటే దాని షరతులు ఇంకా గట్టిగా ఉంటాయి. ఆ కాగితం వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి.


జాబ్ కార్డు
ఆదివారం, ఉదయం 8:15

నేను వేరే ఊళ్ళో ఒక షోరూములో నాలుగేళ్ళు సర్వీస్ అడ్వైజరుగా చేశాను, అంటే బండి తెచ్చినవాళ్ళతో మాట్లాడి పని రాసుకునేవాడిని. ఇప్పుడు మానేశాను కాబట్టి చెప్పవచ్చు.

ఆ చివరి అయిదు వరుసలు నేనూ రాసేవాడిని. నెలకు ఇన్ని డీకార్బనైజింగులు, ఇన్ని పూతలు అని లక్ష్యం ఉండేది. సాయంత్రం సమావేశంలో ఎవరు ఎన్ని అమ్మారో పేర్లు పెట్టి చదివేవారు. అమ్మనివాడు తల దించుకుని నిలబడాలి. అందుకే అడ్వైజరు మీద కోపం వద్దు, కాగితం మీద గీత కొట్టండి చాలు. "ఇవి వద్దు" అంటే మేము వాదించేవాళ్ళం కాదు. వద్దనేవాళ్ళు తక్కువ కాబట్టే అందరి కాగితంలోనూ రాసేవాళ్ళం.

అసలు లోపం డబ్బులో లేదు. మీరు మాట్లాడేది నాతో, బండి కింద దూరేది ఇంకొకరు. మీరు "స్పీడు బ్రేకరు ఎక్కినప్పుడు కుడివైపు టక్కుమంటోంది, ఎండెక్కాకే వస్తోంది" అని వివరంగా చెబుతారు. నేను జాబ్ కార్డులో, అంటే చేయాల్సిన పనులు రాసే కాగితంలో, "సస్పెన్షన్ శబ్దం" అని రాస్తాను. పనిచేసే కుర్రవాడు ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఒక చుట్టు తిప్పుతాడు, శబ్దం రాదు. "చూశాం, బాగానే ఉంది" అని రాస్తాడు. మీరు బిల్లు కట్టి బయటికి వచ్చి మొదటి స్పీడు బ్రేకరు ఎక్కుతారు. టక్.

అందుకని శబ్దాల్లాంటి ఫిర్యాదులుంటే టెక్నీషియన్‌ను మీ పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడిపి వినిపించండి. అడిగితే పంపుతారు.

ఇంకో సంగతి, నల్లనూనె గారే ఉదాహరణ. చేయి తిరిగిన పనివాడు షోరూములో ఎన్నాళ్ళుంటాడు? నాలుగేళ్ళు, ఆరేళ్ళు. తర్వాత బయటికొచ్చి సొంత షెడ్డు పెట్టుకుంటాడు. అక్కడ వాడి స్థానంలోకి ఐటీఐ నుంచి కొత్తవాడు వస్తాడు.


ఎర్రగుంట్ల దుమ్ము
ఆదివారం, ఉదయం 9:50

సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. మా దారిలో ఒకవైపు సిమెంటు లారీలు, ఒకవైపు నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్లు. పొద్దున తుడిచిన కారు సాయంత్రానికి పిండి చల్లినట్టుంటుంది. నా లాంటివాడికి పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క పనిచేయదు. పుస్తకంలోనే ఒక మూల "దుమ్ము ఎక్కువ ఉన్నచోట ముందే మార్చాలి" అని ఉంటుంది, ఎవరూ చదవరు. ఎయిర్ ఫిల్టరు నేనే తీసి చూసుకుంటాను. నాలుగు క్లిప్పులు, రెండు నిమిషాల పని.

అందుకే చెబుతున్నాను, బండి ఇచ్చేముందు ఒక పని చేయండి. ఎయిర్ ఫిల్టరు బయటికి తీసి దాని రబ్బరు అంచు మీద మార్కరుతో చిన్న గుర్తు పెట్టండి. ఆయిల్ ఫిల్టరు కిందివైపు ఉంటుంది, చేయి అందదు, దాన్ని వదిలేయండి. తీసిన పాత సామాన్లన్నీ డిక్కీలో పెట్టమని జాబ్ కార్డు మీదే రాయించండి. షోరూమైనా షెడ్డైనా ఇదే. నాకు ఒకసారి ఒక షెడ్డులో కొత్త ఫిల్టరుకు డబ్బు తీసుకుని పాతదానికే గాలి కొట్టి పెట్టారు. అప్పటి నుంచి మార్కరు డ్యాష్‌బోర్డు సొరుగులోనే ఉంటుంది.


అనంత బాట
ఆదివారం, ఉదయం 11:10

అనంతపురం నుంచి. పెట్రోలు బండ్ల వరకు మీరన్నది సరే. డీజిలు వాళ్ళు కొంచెం ఆగండి.

2020 ఏప్రిల్ నుంచి పొగ హద్దులు బిగించిన బీఎస్-6 నిబంధనల ప్రకారం వచ్చిన డీజిలు బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. దానికి బూడిద తక్కువ మిగిల్చే ప్రత్యేకమైన ఆయిలే పోయాలి. మా ఊళ్ళో ఒక షెడ్డులో పీపాలోంచి పట్టి మామూలు డీజిలు ఆయిలు పోశారు. బండి వెంటనే ఏమీ అనదు. ఆ బూడిద నెమ్మదిగా పేరుకుంటుంది. దానికితోడు నేను ఊళ్ళోనే తిరుగుతాను, సప్తగిరి సర్కిల్ నుంచి ఆఫీసు, ఆఫీసు నుంచి ఇల్లు. మసి కాలడానికి కావలసిన వేడి రాదు. ఎనిమిది నెలలకు డ్యాష్‌బోర్డులో లైటు వెలిగింది. షోరూములో కంప్యూటరు పెట్టి మసి కాల్చారు, ఆయిలు మళ్ళీ మార్చారు. మిగిలిందనుకున్న డబ్బుకు మూడింతలు పోయింది.

ఇప్పుడు పదిహేను రోజులకోసారి హైవే మీద గుత్తి వైపు ఒక అరగంట నడిపి వస్తాను. మా ఆవిడ దీన్ని కుక్కను తిప్పడం అంటుంది.


నల్లనూనె
ఆదివారం, మధ్యాహ్నం 1:25

అనంత బాట గారు చెప్పింది మా వాళ్ళు వినాలి. పెట్రోల్లోనూ మార్పు వచ్చింది. కొత్త ఇంజన్లలో కొన్నిటికి 0డబ్ల్యు-16 అనే నీళ్ళలాంటి పలచని ఆయిలు పోయాలి. పాతకాలం మేస్త్రి దాన్ని వేళ్ళ మధ్య రాసి చూసి "ఇది ఇంజన్ను కాపాడుతుందా?" అని చిక్కటి 20డబ్ల్యు-40 పోస్తాడు. ప్రేమతోనే పోస్తాడు. బండి బరువుగా లాగుతుంది, మైలేజీ పడిపోతుంది. డబ్బా మీద ఏమి రాసి ఉందో, మీ పుస్తకంలో ఏమి రాసి ఉందో రెండూ మీరే చూడండి. సీలు మీ కళ్ళముందే తీయమనండి. కొంతమంది ఆయిలు తామే కొని తెస్తారు. నేనేమీ అనుకోను.

షెడ్డు మంచిదో కాదో తెలుసుకోవడానికి నా పరీక్ష ఒకటుంది. ఆయిలు దించాక కింద బోల్టు మళ్ళీ బిగించేటప్పుడు చూడండి. ఆ బోల్టుకు ఒక పలచని రింగు ఉంటుంది, ఒకసారి నలిగితే మళ్ళీ సరిగ్గా కూర్చోదు. దాని ఖరీదు టీ ఖరీదంత. కొత్త రింగు వేసి, ముందు చేత్తో తిప్పి, తర్వాత పానాతో బిగించి ఆపేవాడు పనివాడు. పాత రింగుతోనే గాలి గన్ను పెట్టి టర్రుమని బిగించేవాడి దగ్గర మరలు అరిగిపోతాయి. తర్వాత ఇంటి ముందు నేల మీద రూపాయి బిళ్ళంత నల్ల మరక కనబడుతుంది. నాకు ఈ పేరు పెట్టింది కూడా అలాంటి మరకే, నేను పని నేర్చుకునే రోజుల్లో.


గువ్వలచెరువు మలుపు
ఆదివారం, మధ్యాహ్నం 2:40

నిన్న ఒకటి చెప్పలేదు. చెప్పకుండా ఉంటే తప్పవుతుంది.

మా భాయ్ చేతిలో పనితనం ఉంది, పుస్తకం లేదు. బ్రేక్ ఆయిలు తగ్గితే పోస్తాడు, మొత్తం తీసి మార్చడం అంటూ లేదు. నేనూ అడగలేదు. అలా మూడేళ్ళు గడిచాయి. ఒక వేసవిలో రాయచోటి నుంచి అయిదుగురితో, సామానుతో వస్తున్నాను. గువ్వలచెరువులో ఆగి పాలకోవా కొనుక్కుని ఘాట్ దిగడం మొదలుపెట్టాం. ముందు లారీ ఉంది, దాని వెనకే బ్రేకు నొక్కుతూ నొక్కుతూ దిగుతున్నాను. నాలుగో మలుపు దగ్గర పెడల్ మెత్తబడింది. అయిదో మలుపుకు తడిసిన స్పాంజి మీద కాలు పెట్టినట్టు లోపలికి పోయింది. రెండో గేరు, తర్వాత మొదటి గేరు వేసి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెం లాగుతూ పక్కకు తీసి ఆపాను. వెనక సీటులో పెద్దావిడ "ఇంకో ప్యాకెట్ కొనుక్కోవడానికా బాబూ ఆపావు?" అని అడిగింది. అవునన్నాను. చల్లారేదాకా అరగంట అక్కడే కూర్చున్నాం.


నల్లనూనె
ఆదివారం, మధ్యాహ్నం 3:05

అన్నా, అదృష్టవంతులు. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీలదాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140 దగ్గరికి దిగిపోతుంది. ఘాట్‌లో బ్రేకు వేడికి అది మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. బుడగ నొక్కుకుపోతుంది, బ్రేకు పట్టదు. అందుకే రెండేళ్ళకోసారి మార్చమంటారు. పాలకొండ గారి కాగితంలో 390 రూపాయల వరుస చూశారుగా, మొత్తం 14,800లో కళ్ళు మూసుకుని ఒప్పుకోవలసింది అదొక్కటే. షెడ్లలో ఎక్కువమంది మరిచిపోయేది కూడా అదే. ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి.

కూలెంటు విషయంలోనూ మావాళ్ళ పాపం ఒకటుంది. తగ్గిందని బోరు నీళ్ళు పోస్తారు. మన నీళ్ళు మీకు తెలియనివా? కుళాయి కింద బకెట్టుకు తెల్ల పొర కడుతుంది. రేడియేటరు గొట్టాల్లోనూ అదే కడుతుంది. మే నెలలో బండి ఆవిరి కక్కితే ఎండను తిడతాం.


పొద్దుటూరు సంత
ఆదివారం, సాయంత్రం 6:30

పాత బండ్లు కొని అమ్ముతాను. నా వైపు నుంచి చిన్న మాట. షోరూములో వరుసగా సర్వీసు చేయించిన రికార్డు ఉన్న బండికి కొనేవాడు బేరం తక్కువ చేస్తాడు, మీటరు వెనక్కి తిప్పారేమోనన్న అనుమానం ఉండదు కాబట్టి. అయిదేళ్ళలోపు అమ్మే ఆలోచన ఉంటే షోరూములోనే ఉంచండి. పదేళ్ళు వాడేవాళ్ళకు ఆ రికార్డుతో పనిలేదు, షెడ్డు బిల్లులు ఒక ఫైలులో పెట్టుకుంటే చాలు. బిల్లే ఇవ్వని షెడ్డుకు వెళ్ళకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కూడా. పాత ధరల పట్టిక పెట్టుకుని బిల్లు లేకుండా అమ్మేవాళ్ళున్నారు, పెట్టె మీద ధర, తేదీ చూడండి.


జాబ్ కార్డు
ఆదివారం, రాత్రి 8:00

షోరూము పక్షాన ఒక మాట, లేకపోతే నా నాలుగేళ్ళ ఉప్పు ఊరుకోదు. కొన్ని బండ్లలో ఏదో ఒక భాగంలో తయారీలోనే లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలుస్తుంది. ఉచితంగా మారుస్తారు. బయట చేయించేవాళ్ళకు ఈ కబురు అందదు, ఫోన్ నంబరు మారిపోయి ఉంటుంది. ఏడాదికోసారి కంపెనీ వెబ్‌సైటులో మీ చాసిస్ నంబరు కొట్టి చూసుకోండి. పెద్ద దెబ్బ తగిలినప్పుడూ అంతే, ఇన్సూరెన్సు కంపెనీ జాబితాలో ఉన్న చోటైతే చేతి నుంచి డబ్బు పెట్టుకోకుండా పనవుతుంది. షెడ్డులో అయితే ముందు మీరు కట్టి తర్వాత తెచ్చుకోవాలి. కరెంటు కారు (ఈవీ) ఉన్నవాళ్ళయితే ఎక్కువ వోల్టేజీ పారే నారింజ రంగు తీగలున్న చోట బయటివాళ్ళ చేత చేయి పెట్టించనే వద్దు.


ఏడు రోడ్ల కూడలి
ఆదివారం, రాత్రి 8:20

నల్లనూనె గారూ, మీ షెడ్డు ఎక్కడో వ్యక్తిగత సందేశం పంపండి. నా బండికి వారంటీ పోయి ఏడాదైంది. కుర్చీ సంగతి నేనే వచ్చి చూస్తాను. ఎప్పుడు వస్తానో మాత్రం చెప్పను.


పాలకొండ నీడ
గురువారం, రాత్రి 9:30

అందరికీ కృతజ్ఞతలు. ఏమైందో చెప్పాలి కదా.

పుస్తకం తీశాను. మూడేళ్ళలో మొదటిసారి. కూలెంటు ఇప్పుడు అక్కరలేదని అందులోనే ఉంది. మంగళవారం పొద్దున ఎయిర్ ఫిల్టరు తీసి అంచు మీద పచ్చ మార్కరుతో తేదీ వేశాను. షోరూముకు వెళ్ళి కూలెంటు, చివరి అయిదు వరుసలు కొట్టేయమన్నాను. జాబ్ కార్డు గారు చెప్పినట్టే, అడ్వైజరు ఒక్క మాట అనలేదు. "పాత సామాన్లు డిక్కీలో పెట్టాలి" అని రాయించాను. అక్కడ మాత్రం ఒక్క క్షణం నా ముఖం చూశాడు.

సాయంత్రం 7,300 బిల్లు. డిక్కీలో సంచి. అందులో పాత ప్లగ్గులు నాలుగు, ఆయిల్ ఫిల్టరు, ఏసీ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు. ఎయిర్ ఫిల్టరు తిప్పి చూశాను. తేదీ లేదు. ఎవరిదో నల్లగా మాడిపోయిన ఫిల్టరు. అక్కడే బానెట్ ఎత్తి క్లిప్పులు తీశాను. నా పచ్చ తేదీ లోపలే ఉంది, గాలి కొట్టి శుభ్రంగా.

అరవలేదు. అడ్వైజరును పిలిచి చూపించాను. ఆయన నిజంగానే తెల్లబోయాడు, నటన కాదు. లోపలికి వెళ్ళాడు, అయిదు నిమిషాల్లో ఒక కుర్రవాడు కొత్త పెట్టె పట్టుకుని పరుగున వచ్చాడు. చేతులు వణుకుతున్నాయి. "మూడు బండ్లు ఒకేసారి సార్, కలిసిపోయింది" అన్నాడు. ఫిల్టరు వేశాడు. కలిసిపోయిందో, కలిపేశారో నాకు తెలియదు. మేనేజరుకు ఫిర్యాదు రాయనా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాను.


పాత వకీలు
గురువారం, రాత్రి 9:52

రాయండి. కుర్రవాడి పేరు లేకుండా, బండి నంబరు, బిల్లు నంబరు, ఫోటోతో. జవాబు కాగితం మీద అడగండి.


ఎర్రగుంట్ల దుమ్ము
గురువారం, రాత్రి 9:55

మార్కరు కొనడానికి పది రూపాయలైంది కదా. ఫిల్టరు 420.


నల్లనూనె
శనివారం, మధ్యాహ్నం 3:15

ఈ రోజు పదకొండింటికి ఒక తెల్ల కారు వచ్చింది. నడుపుతూ వచ్చింది ఒక మేడమ్, పక్కన ఎవరూ లేరు. బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టరు పెట్టె తీస్తే అంచు మీద ఎర్ర మార్కరుతో తేదీ. నేనేమీ అనలేదు. పని చేసి పంపించాను. మన వేదికవారేనా?


ఏడు రోడ్ల కూడలి
శనివారం, మధ్యాహ్నం 3:40

నేనే. కుర్చీ ఉంది, నిజమే. వెనక ఎడమ కాలు కింద మడిచిపెట్టిన అట్టముక్క కూడా ఉంది. టీ బాగుంది. బ్రేక్ ఆయిల్ డబ్బా సీలు నా ముందే తీశారు, కింద బోల్టుకు కొత్త రింగు నేను అడగకముందే చూపించారు. అందుకని కుర్చీ సంగతి అక్కడ ఎత్తలేదు.


నల్లనూనె
శనివారం, మధ్యాహ్నం 3:44

కుర్చీ రేపే మారుస్తానమ్మా. పాతది డిక్కీలో పెట్టమంటారా?